టాపు దించిన అంబాసిడర్

టింకర్ బుడేన్ బండిని నమ్ముతాడు గానీ బండి తెచ్చిన మనిషిని నమ్మడు. నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు పక్కన, పంక్చర్ అంగడికీ ఐసు ఫ్యాక్టరీ గోడకూ నడుమ ఉంటుంది అతని రేకుల షెడ్డు. లోపలికి ఏ కారొచ్చినా ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు. వేళ్ల కణుపులతో తలుపుల మీద తట్టి చూస్తాడు. ఉత్త రేకైతే గణగణమంటుంది. పుట్టీ దట్టించి కప్పెట్టిన చోటైతే గొంతు పట్టేసినట్టు మోగుతుంది. ఒక చెవి సగం పోయినా ఆ తేడా మాత్రం అతనికి ఇంకా వినబడుతుంది. తట్టడం అయినాక, తెచ్చిన మనిషి మొహంలోకి చూసి, "సీ బుక్కు తెచ్చినావాప్పా?" అంటాడు. తేలేదంటే సుత్తి ముట్టడు.

ఈ గుణం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. చాలా ఏండ్ల కిందట, తియ్యగా మాట్లాడే ఒకాయన జీపొకటి తెచ్చి, ముందు మొహం మార్చి పచ్చ రంగు కొట్టమన్నాడు. బుడేన్ సంబరంగా చేసిచ్చినాడు. అది ఎవరి ఇంటి ముందు నుంచో తోలుకొచ్చిన జీపని పోలీసులొచ్చి చెప్పిందాకా తెలియదు. స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి అడిగిందే అడిగినారు. తప్పు లేదని తేలి వదిలేసినారు గానీ, ఆ తర్వాత కొన్నాళ్లు మసీదుకు పోతే కూడా జనం తననే చూస్తున్నట్టుండేది. అప్పటి నుంచీ బుడేన్‌కు నవ్వుతూ వచ్చేవాళ్లంటే భయం.

పని మీద మాత్రం ప్రాణం. కర్నూలులో ఒక ఉస్తాద్ దగ్గర లారీ క్యాబిన్లు కొడుతూ నేర్చుకున్నాడు. మడత పడిన రేకును లోపలి నుంచి ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో మెల్లగా కొట్టి, దాని పాత ఒంపుకు తెచ్చేవాడు. ఇప్పుడు ఆ పని అడిగేవాళ్లే తగ్గిపోయినారు. ఇప్పటి కార్లకు ముందూ వెనకా ప్లాస్టిక్కే. పగిలితే ఊడదీసి కొత్తది తగిలించడమే. "నేను టింకర్నా, బట్టలంగట్లో గుమాస్తానా?" అని భార్య మున్నీ దగ్గర విసుక్కునేవాడు.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున వెంకటేష్ వచ్చినాడు. ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి నడుపుతున్నాడు. ముప్పై దాటినట్టు లేదు. తోలుకొచ్చింది మీగడ రంగు పాత అంబాసిడర్. బుడేన్ తట్టి చూసినాడు. నాలుగు తలుపులూ గణగణమన్నాయి. ఎక్కడా పుట్టీ లేదు. ఇంత మంచి రేకు కనపడి ఎన్నాళ్లయిందో.

"దీనికి దెబ్బేం తగల్లేదే. ఏం చేయాలప్పా?"

వెంకటేష్ సెల్లు తీసి బొమ్మలు చూపించినాడు. ఎక్కడో పరాయి దేశంలో పాత కార్లను కోసి, అతికి, కొత్త రూపం తెచ్చిన బొమ్మలు. వాటికి పేర్లు కూడా బట్టీ పట్టుకొచ్చినాడు.

"ఇట్ల కప్పును కోసి కిందికి దించినారు సూడన్నా, దీన్ని చాప్ అంటారంట."

"మేం టాపు దించేదంటాం."

"నడుము చుట్టూ ఒక పట్టీ మాదిరి కోసి తీసేసి, పై సగాన్నీ కింది సగాన్నీ కలిపేది సెక్షన్."

"నడుము తీసేది. లారీలకు చేసినా. ఇంగ?"

"బాడీని చాసిస్ మీద కిందికి దించేది ఛానెల్."

"కూర్చోబెట్టేది. అది జీపుకైతే అయితాది. దీనికి కింద చాసిస్ వేరే లేదప్పా, బాడీనే చాసిస్. ఇది కూర్చోదు."

వెంకటేష్ తల ఊపి ఇంకో బొమ్మ చూపించినాడు. తలుపులకు పిడుల్లేవు, బానెట్ మీద పేరు లేదు, మెరిసే పట్టీలు లేవు. అంతా నున్నగా కడిగిన గుండ్రాయి మాదిరి ఉంది. "షేవ్" అన్నాడు.

"గుండు కొట్టేది," అన్నాడు బుడేన్. ఈసారి ఇద్దరూ నవ్వినారు.

చివరిది ఫ్రెంచ్. లైట్లు పైకి కనపడకుండా రేకు లోపలికి దిగేసి, చుట్టూ అతుకు తెలియకుండా నునుపు చేయడం. కళ్లు గుంటలు పడినట్టుంటాయి. "నంబరు పలక కూడా అట్లే లోపలికి పెట్టాలన్నా," అన్నాడు వెంకటేష్.

బుడేన్ నవ్వు ఆగిపోయింది. టాపు దించాలంట, పిడులు తీయాలంట, పేరు చెరిపేయాలంట, కళ్లు మార్చాలంట, నంబరు లోపల దాయాలంట. ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నా, అన్నీ కలిపితే తనకు వినిపించేది ఒకటే మాట: గుర్తు పట్టకుండా చేయాల.

"సీ బుక్కు?"

ఇచ్చినాడు. యజమాని పేరు ఓబులేసు అని ఉంది. "మా నాయన. పోయిన ఏడు పోయినాడు," అన్నాడు వెంకటేష్, కళ్లు పక్కకు తిప్పుకొని. బుడేన్ బానెట్ ఎత్తి లోపలి నంబర్లు సరిచూసుకున్నాడు. సరిపోయినాయి. దొంగ బండి కాదు. అయినా మనసు కుదుటపడలేదు.

"ఇట్ల మార్చినాక బ్రేక్ ఇన్స్పెక్టర్ దీన్ని రోడ్డెక్కనీడు. తెల్సునా?"

"చేన్ల కాడ తోలుకుంటా. రోడ్డెక్కియ్యను."

"మీ ఇంట్లో వాళ్లకు తెల్సునా?"

"ఇంట్లో నేనూ, మా అమ్మా. అంతే. తోడబుట్టినోళ్లు లేరు. ఈ సంగతి బయట ఎవురికీ చెప్పొద్దన్నా."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. పంపించేద్దామా అనుకున్నాడు బుడేన్. కానీ చెయ్యి అప్పటికే కప్పు ఒంపు మీద ఉంది. ఉస్తాద్ పోయినాక ఇట్లాంటి పని చెయ్యమని అడిగినవాడు లేడు. "పెట్టిపో," అన్నాడు.

ముందు పిడులు, పట్టీలు ఊడదీసి కిరసనాయిలు తట్టలో వేసినాడు. సీట్లు తీసినాడు. వెనక సీటు కింద దుమ్ములో ఎర్ర రిబ్బను క్లిప్పొకటి, అరిగిపోయిన బలపం ముక్కలు, చిన్నపిల్ల కాలి పట్టీ నుంచి ఊడిన మువ్వ ఒకటి దొరికినాయి. బుడేన్ మువ్వను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసినాడు. తోడబుట్టినోళ్లు లేరన్నాడే. మరి ఈ ఆడపిల్ల ఎవరు?

మధ్యాహ్నం అన్నం తెచ్చిన మున్నీకి చూపించినాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. మున్నీకి కోపమొస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది.

"దొంగ బండి కాకపోతే ఏదో ఆడపిల్ల గొడవ. మళ్లా స్టేషన్ బెంచీ కావాల్నా నీకు? పిలిచి ఇచ్చేయ్ పో," అంది.

"పిడులు తీసేసినా. ఎట్ల ఇచ్చేది?"

"తగిలించి ఇయ్యి."

ఇయ్యలేదు. మరుసటి దినం కప్పు నిలబెట్టే స్తంభాలు మూడు అంగుళాలు కోసినాడు. అయితే ఆ స్తంభాలు నిట్టనిలువుగా ఉండవు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. కోసి దించితే పై ముక్కా కింది ముక్కా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. కప్పును నడిమికి చీల్చి, మధ్యలో కొత్త రేకు వేసి సాగదీయాల. ఆ లెక్కలో పడి బుడేన్ అనుమానం సంగతి మర్చిపోయినాడు. కోసిన కప్పును గోడకు ఆనించి, బండి మీద టార్పాలిన్ కప్పి, చాయ్ తాగుతుండగా ఒక ఆడమనిషి షెడ్డు ముందర నిలబడింది.

ఇరవై అయిదేండ్లు ఉంటాయేమో. చేతిలో సంచి, చెప్పుల నిండా దుమ్ము. బస్టాండు నుంచి నడిచి వచ్చినట్టుంది.

"అన్నా, ఈడికి మీగడ రంగు అంబాసిడర్ ఏమన్నా వచ్చిందా?"

బుడేన్ చాయ్ గ్లాసు కింద పెట్టినాడు. "లేదు," అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. నోరు దానంతటది అనేసింది.

ఆమె కదల్లేదు. షెడ్డు లోపలికి చూస్తోంది. గోడకు ఆనించిన కప్పును చూసింది. తర్వాత కిరసనాయిలు తట్టను. వంగి, అందులో ఒక పిడి మీద వేలు పెట్టింది.

"ఇది వెనక తలుపుది. ఎడమ పక్కది. కొంచెం వంగి ఉంటాది."

నిజమే. ఆ ఒక్క పిడే వంగి ఉంది. "నువ్వెవరమ్మా?" అన్నాడు బుడేన్.

"నందికొట్కూరు. పేరు గాయత్రి. మా ఊరి ఆటో ఆయప్ప ఈ బండి మీ షెడ్డులోకి తిరగడం చూసినానని చెప్పినాడు. ఎవురు తెచ్చినారు? ఎందుకు కోస్తాండారు?"

"తెచ్చినోళ్లను అడగాల అది."

"మళ్లీ ఆదివారం వస్తా," అని, ఇంకేం చెప్పకుండా వెళ్లిపోయింది.

బుడేన్ వెంటనే వెంకటేష్‌కు ఫోన్ చేసినాడు. నందికొట్కూరు అనే మాట వినగానే అవతల గొంతు మారిపోయింది.

"ఏం చెప్పినావన్నా? ఏం చెప్పొద్దు. ఎవురొచ్చినా బండి లేదని చెప్పు."

"ఆ పాప ఎవురప్పా?"

"నాకేం తెల్దు." ఫోన్ పెట్టేసినాడు.

ఆ రోజు ఇక పని సాగలేదు. ఎర్ర క్లిప్పు, మువ్వ, వంగిన పిడి, అన్నీ కళ్ల ముందే తిరుగుతున్నాయి. ఆ పిల్లను చిన్నప్పుడు ఎవరైనా ఎత్తుకుపోయినారా? ఆ బండిలోనేనా? ఇప్పుడు ఆనవాలు లేకుండా చేసే పని తన చేతికి వచ్చిందా? ఎవరు అడిగినా చెప్పేదానికి తనకు నిజం కావాల. సీ బుక్కులో చిరునామా ఉండనే ఉంది. ఆళ్లగడ్డ బస్సెక్కినాడు.

శిరివెళ్ల దాటుతుండగా వెంకటేష్ ఫోన్ చేసినాడు, పని యాడికొచ్చిందని. బుడేన్‌కు ఒక చెవి సరిగా వినపడదు కాబట్టి గొంతు పెద్దది. "తల ఎప్పుడో కోసేసినా. నడుము మాత్రం నేను కోయను, నీకు ముందే చెప్తాండా. కళ్లు పీకేది రేపు సూద్దాం," అన్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన లేచి ముందు సీటుకు పోయినాడు. తను ఏమన్నాడో అప్పుడు తెలిసి బుడేన్ తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఒకర్ని అనుమానించే తను, ఇంకొకరికి ఎట్లా కనపడినాడో అని మొదటిసారి తట్టింది.

ఆ ఇల్లు పెద్దదేం కాదు. వాకిట్లో శనక్కాయలు వలుస్తున్న ఆమె సరోజమ్మ, వెంకటేష్ తల్లి. సన్నగా, నిటారుగా ఉంది. కొడుకు అంగట్లో ఉన్నాడని చెప్పి, లోపలికి రమ్మనకుండా, అతన్ని పై నుంచి కింది దాకా చూసింది.

"నువ్వు ఎవురి మనిషివప్పా? నందికొట్కూరు నుంచి వచ్చినావా?"

మళ్లీ నందికొట్కూరు! "కాదమ్మా. నంద్యాల. ఓబులేసన్న బండి గురించి..."

"అమ్మేసినాం," అందామె, మాట పూర్తి కానీకుండా. "నా కొడుకు అమ్మేసినానని చెప్పినాడు. నేనే అమ్మమన్నా."

బుడేన్ చేతులు నలుపుకున్నాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి ఊరుకుంటే దాచిందంతా మొహం మీద కనపడుతుంది. సరోజమ్మ చూపు అతని చేతుల మీద పడింది. గోళ్ల సందుల్లో మీగడ రంగు పొడి ఇంకా ఉంది.

"అమ్మలేదు కదా," అంది.

"లేదమ్మా. నా షెడ్డులో ఉంది."

ఆమె చేతిలో కాయ చిట్లిన చప్పుడు. వీధి వైపు చూస్తూ, ఎవరికో చెప్పినట్టు చెప్పింది. ఓబులేసు ఆ బండిని బాడుగకు తిప్పేవాడు. పెండ్లిండ్లకూ, అహోబిలానికీ, కర్నూలు ఆసుపత్రులకూ. ఊర్లో అందరికీ తెలిసిన బండి. ఆ బండి నందికొట్కూరులో ఒక ఇంటి ముందర ఆగుతుందనే సంగతి కూడా ఊర్లో అందరికీ తెలుసు. తనకే చివరికి తెలిసింది. ఆడ జయలక్ష్మమ్మ అని ఒకామె, ఒక ఆడపిల్ల. ఓబులేసు పోయిన దినం వాళ్లు వచ్చి వీధి చివరన నిలబడినారు. సరోజమ్మ తమ్ముళ్లు రానీలేదు.

"ఆ బండి వీధిలో తిరిగితే జనం బండిని సూడరు. నన్ను సూస్తారు," అంది.

బుడేన్‌కు అంతా ఒక్కసారి అర్థమైంది. తను ఏమేమో ఊహించుకున్నందుకు సిగ్గేసింది. ఆ పిల్లోడు నాయన బండిని వదులుకోలేడు, అమ్మ కళ్లకు చూపించలేడు. అందుకే దాని మొహం మార్చి, కొత్త బండి కొన్నానని ఇంటికి తెచ్చుకుందామనుకున్నాడు.

"ఇప్పుడు గుర్తు పట్టనీకి వస్తాదా?" అడిగింది సరోజమ్మ.

"పని అయిపోతే ఇంగ ఎవురికీ రాదమ్మా."

"ఆ పాప వచ్చిందా నీ కాడికి?"

దాచి లాభం లేదు. "వచ్చింది. ఆదివారం మళ్లా వస్తానంది."

సరోజమ్మ చేట దగ్గరికి లాక్కొని మళ్లీ వలవడం మొదలు పెట్టింది. "దానికేం కావాల్నో అడుగు. నాకు మాత్రం చెప్పొద్దు. నువ్వు ఈడికొచ్చినట్టు నా కొడుక్కీ చెప్పొద్దు."

ఆదివారం పొద్దున్నే బుడేన్ వెంకటేష్‌ను పిలిపించినాడు. పనిలో ఒక సంగతి అడగాలన్నాడే తప్ప ఎందుకో చెప్పలేదు. గాయత్రి వచ్చేసరికి వెంకటేష్ టార్పాలిన్ తీసి, కొత్తగా అతికిన కప్పును తడుముతున్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఓబులేసు పోయిన దినం వీధి చివరన తప్ప ఎక్కడా ఎదురుపడని వాళ్లు. వెంకటేష్ చెవులు ఎర్రబడినాయి.

"భాగం అడగనీకి వచ్చినావా?"

"భాగం లేకుండా చేయనీకే కోస్తాండావా?" అంది గాయత్రి. "బండి ముక్కలైపోతే ఇంగ అడిగేదేముంటాదని?"

"అమ్మ గుర్తు పట్టకూడదని కోయిస్తాండా."

గాయత్రి బండి దగ్గరికి నడిచింది. కప్పు దిగి, పిడుల చోట గుండు కొట్టిన తలుపులతో అది నిజంగానే వేరే బండి మాదిరి ఉంది.

"మేం మర్చిపోకూడదని నేనొచ్చినా," అంది చివరికి. "ఇంట్లో ఆయన ఫోటో కూడా ఒకటి లేదు. తీసుకోనీలేదు ఆయన. ఇస్కూలు కాడ దిగేటప్పుడు ఆ పిడి పట్టుకొని వేలాడేదాన్ని. వంగిపోయిందని తిట్టినాడు, కానీ మార్చలేదు."

వెంకటేష్ తట్ట వైపు చూసినాడు. "నేను బండి నేర్చుకునేటప్పుడు గోడకు గుద్ది వంచినాననుకున్నా ఇన్నాళ్లూ," అన్నాడు మెల్లగా. "నాయన నన్ను ఏమీ అనలేదు."

బుడేన్ ఆ పిడిని కిరసనాయిలు నుంచి తీసి, గుడ్డతో తుడిచి, ఎవరి చేతికీ ఇవ్వకుండా బల్ల మీద పెట్టినాడు. పక్కనే ఎర్ర క్లిప్పు, మువ్వ. ఎవరు తీసుకుంటారో వాళ్లే చూసుకోవాల. వెంకటేష్ కాసేపు కాలితో నేల గీరి, పిడిని ఎత్తి గాయత్రికి ఇచ్చినాడు. ఇచ్చేటప్పుడు కూడా ఆమె మొహం చూడలేదు. ఆమె సంచిలో వేసుకొని, "పోయొస్తా," అని బుడేన్‌కు మాత్రం చెప్పింది. అయితే బస్టాండు దాకా ఎండలో నడిచిపోతుంటే, వెంకటేష్ మోటార్ సైకిల్ తీసి వెనకాలే పోయినాడు. ఎక్కించుకున్నాడో లేదో బుడేన్‌కు కనపడలేదు.

పని ముగిసేసరికి చలి దిగింది. కళ్లు లోతు చేసి, అతుకులన్నీ రేకుతోనే సరిచేసి, పుట్టీ నామమాత్రంగా పూసి, ముదురు నీలం రంగు కొట్టించినాడు. నడుము మాత్రం ముట్టలేదు. "ఈ బండికి నడుము అందం. తీస్తే ఏడుపొస్తాది," అన్నాడు. వెంకటేష్ ఒప్పుకున్నాడు.

బండిని లారీ మీద ఎక్కించే ముందు రోజు, సరోజమ్మ ఒక్కతే ఆటోలో దిగింది. ఆసుపత్రికి వచ్చి అట్లే వచ్చినానంది. బుడేన్‌కు నమ్మబుద్ధి కాలేదు. ఆమె బండి చుట్టూ తిరిగింది, షెడ్డుకు కొత్తగా వచ్చిన బండి చుట్టూ బుడేన్ తిరిగినట్టే.

"ఎవురి బండప్పా ఇది?"

"ఆళ్లగడ్డోళ్లదమ్మా."

"పిడుల్లేవు. ఎట్ల తీసేది?"

బుడేన్ కింద రేకు అంచున దాచిన చిన్న మీట చూపించినాడు. ఆమె వంగి, వేలితో వెదికి నొక్కింది. తలుపు టక్కున తెరుచుకుంటే ఉలిక్కిపడి, మళ్లీ మూసి, మళ్లీ తెరిచింది. లోపల వెనక సీట్లో కూర్చుంది. కొంగు సర్దుకొని, తల ఎత్తి, తల పైన ఆరంగుళాల దూరంలో ఉన్న కప్పును చూసింది. చెయ్యి చాపి అంటుకుంది.

"ఇరుగ్గా ఉంది," అంది.

"టాపు దించినాం కదమ్మా."

"ఆయన పొడుగు మనిషి. ఇంతకు ముందే తల వంచుకొని కూర్చునేటోడు." చాలాసేపు కప్పు మీద చెయ్యి తీయలేదు. "ఇంగ ఇందులో ఆయన పట్టడులే," అంది. ఆ మాటలో ఏడుపుందో నవ్వుందో బుడేన్ తేల్చుకోలేకపోయినాడు.

దిగి, ఎదురుగా రోడ్డు మీద బస్సులు చూస్తూ నిలబడి, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ పాపకు ఏం కావాలన్నాది?"

చెప్పొద్దన్నది ఆమే. బుడేన్ ఒక్క క్షణం ఆలోచించి, "ఏం ఎక్కువ అడగలేదమ్మా," అన్నాడు. ఆమె తల ఊపింది. మున్నీ ఇంట్లో నుంచి చాయ్ పట్టుకొని వస్తుంటే, సరోజమ్మ ఆటోను ఆగమని చెప్పి, స్టూలు లాక్కొని నీలం బండి ఎదురుగా కూర్చుంది.